మొదటి వెనిస్‌లో దిగొద్దు

"వెరోనాలో మీకిచ్చేది నది వైపు గదేనండి. పొద్దున్నే కిటికీ తలుపు తోస్తే ఎదురుగా నీళ్ళు. నేను దిగిన గదే అది. గడియ కాస్త బిగుతు, రెండు చేతులతో లాగాలి."

ఆ మాట అంటూ మ్యాపమ్మ నిజంగానే రెండు చేతులూ గాలిలోకి ఎత్తి గడియ లాగింది. రిసీవరు చెవికీ భుజానికీ మధ్య ఇరుక్కుని ఉంది. ఆమె ముందున్న కిటికీలోంచి నది కనిపించదు. కింద టైర్ల షాపు వాడు పేర్చిన పాత టైర్లూ, వాటి మీద ఎండకు పడుకున్న ఓ పిల్లీ కనిపిస్తాయి. ఆమె ఆ ఆఫీసులో చేరిన నాటి నుంచీ వెరోనా అంటే ఆమెకు ఆ టైర్లే.

విమానం మెట్టు ఎక్కని మనిషి ఆమె. మిలాన్‌లో ఏ రైలు దిగి ఏ రైలెక్కాలో, బొలోన్యాలో వాన వస్తే ఏ వరండాల కింద నుంచి నడిచిపోవచ్చో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. అందుకే ఆ పేరు. అసలు పేరు జీతం రోజున తప్ప ఎవరికీ గుర్తుండదు. 'చూడలేదు' అన్న మాట ఆ ట్రావెల్స్ ఆఫీసులో వినపడకూడదు. చేరిన మొదటి రోజే ఓనరు చెప్పిన నియమం అది. చూడనివాళ్ళు చెబితే కస్టమర్లు నమ్మరట. కాబట్టి అందరూ అన్నీ చూసినవాళ్ళే.

"అది సరేనమ్మా," అంది ఫోన్లో పెద్ద టీచర్. ఆవిడ రిటైరైన హెడ్మిస్ట్రెస్. తనతో పనిచేసిన పాత టీచర్లందరినీ పోగేసి ఉత్తర ఇటలీకి బయల్దేరదీస్తోంది. "వెనిస్ సంగతి చెప్పు. స్టేషన్ నుంచి హోటలుకి నడకే అన్నావు. నా మోకాలి సంగతి తెలుసుగా? మెట్లు చూస్తే నాతో మాట్లాడటం మానేస్తుంది."

"చిన్న వంతెన ఒక్కటేనండి. నేను అవలీలగా దాటేశాను."

"నీ వయసు వేరు, నా వయసు వేరు. అయినా నువ్వు చూశానన్నావు. నాకది చాలు."

'అది చాలు' అన్నచోట మ్యాపమ్మకు గుండెల్లో చిన్న ముల్లు గుచ్చుకుంది. ఇన్నాళ్ళూ గుచ్చుకుంటూనే ఉంది. ఈసారి మాత్రం దాన్ని తీసేసే రోజు దగ్గరపడింది. గ్రూపు వెళ్ళడానికి ముందు ఆఫీసు నుంచి ఒకరు ఆ దారంతా తిరిగి, హోటళ్ళూ రైళ్ళూ చూసి రావడం ఆ వ్యాపారంలో ఆనవాయితీ. ఈ ఏడు ఆ వంతు ఆమెది. ట్యూరిన్, మిలాన్, వెరోనా, వెనిస్, బొలోన్యా. వచ్చే వారమే ప్రయాణం. వీసా వచ్చేసింది. ఆ వంతెన మీద నిజంగా నడుస్తుంది. ఆ గడియ నిజంగా ఉందో లేదో చూస్తుంది. చెప్పిన అబద్ధాలన్నిటినీ ఒక్కొక్కటిగా నిజం చేసుకుని వస్తుంది.

"మ్యాపమ్మా, ఒకసారి ఇలా రా," అద్దాల గదిలోంచి ఓనరు పిలిచాడు.

ఆయన టై అంచుతో కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. మొహాన చూడలేని మాట చెప్పేటప్పుడు ఆయనకు కళ్ళజోడు మురికైపోతుంది.

"ఇటలీకి మా బావమరిదిని పంపిద్దామనుకుంటున్నా."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. "నాతోపాటా సార్?"

"నీతోపాటు కాదు. నీ బదులు. వాడు కొత్తగా చేరాడు. నాలుగు ఊళ్ళు చూస్తే గానీ నోరు పెగలదు. నీకేం? చూడకుండానే అంత బాగా చెప్తావు. నీకు చూడటం దేనికమ్మా? చెప్పలేనివాణ్ణి కదా పంపాలి!"

అది మెప్పో, దెబ్బో తేల్చుకునేలోపే ఆయన తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు.

"సార్, సీటు నా పేరున..."

"పట్టి ఉంచిన సీటే కదా, టికెట్టు ఇంకా కొట్టలేదుగా. పేరు మార్చు. వాడికి వీసా కూడా వచ్చేసింది."

వీసా వచ్చేసింది! అది రావడానికి ఎన్నాళ్ళు పడుతుందో ఆమెకు తెలియంది కాదు. అంటే ఈ మాట ఇవాళ్టిది కాదు. తను హోటళ్ళకు ఫోన్లు చేస్తున్నప్పుడు, రైళ్ళు వెతుకుతున్నప్పుడు, భర్తతో చలికోటు కుట్టించుకుంటున్నప్పుడు, ఈ అద్దాల గదిలో ఈ మనిషికి తెలుసు. తెలిసే ఆమె చేత ప్లానంతా వేయించాడు.

"వాడికి దారి బాగా నేర్పు," అన్నాడాయన, కళ్ళజోడు పెట్టుకుంటూ. "నీ బాధ్యత అది."

ఆమె తల ఊపింది. ఎందుకు ఊపిందో ఆ తల్నే అడగాలి.

ఆ సాయంత్రం ఇంటికి చేరేసరికి ముందు గదిలో కుట్టుమిషను నడుస్తోంది. భర్త దర్జీ. ముందు గదే షాపు. ఆమెను చూడగానే మిషను ఆపి, రెండు గుండుసూదులు పెదాల మధ్య పట్టుకుని లేచాడు.

"నించో," అన్నాడు సూదుల మధ్య నుంచి. "చేతులు చాపు."

దారిలో అనుకుంటూ వచ్చిన మాట ఆమె నాలిక చివరే ఉంది. చేతులు చాపింది. బూడిదరంగు ఉన్ని కోటు ఆమె భుజాల మీదికి ఎక్కింది. ఆయన సుద్దముక్కతో చంక కింద గీత గీశాడు, కాలరు ఎత్తాడు, వెనక్కి జరిగి ఒక కన్ను మూసి చూశాడు. పెళ్ళిచూపుల్లో కూడా ఆమెను అంత పరీక్షగా చూడలేదు.

"ఏమండీ..."

"కదలకు. ఇక్కడ చెయ్యి పెట్టి చూడు. ఊహూఁ, లోపల. లైనింగు కింద."

ఆమె చెయ్యి జారింది. గుండె పక్కగా, ఉన్నికీ లైనింగుకూ మధ్య, పాస్‌పోర్టు పట్టేంత జేబు.

"దొంగ జేబు," అన్నాడు సూదులు చేతిలోకి తీసుకుని, మొహం వెలిగిపోతుంటే. "నేను కుట్టానని నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. మిలాన్ స్టేషన్లో జేబుదొంగలుంటారని కస్టమర్లకి చెప్తుంటావుగా. వస్తే రమ్మను, చూద్దాం!"

లోపలి గదిలోంచి అత్తగారి గొంతు. "ఇదిగో అమ్మాయ్, ఎదురింటావిడ నమ్మదే! నిజంగానే వెళ్తోందా అని నొక్కి నొక్కి అడిగింది. విమానం ఎన్నింటికో కూడా చెప్పి నోరు మూయించా. ఇటలీ వాళ్ళకి కబురెళ్ళిందా, నా కోడలొస్తోందని?"

"వెళ్ళింది అత్తయ్యా," అంది ఆమె.

నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో! గడియ బిగుతు అని చెప్పినంత తేలిగ్గా. భర్త మోకాళ్ళ మీద కూర్చుని కోటు అంచుకు సూదులు గుచ్చుతున్నాడు. పైనుంచి చూస్తే ఆయన పాపిట్లో తెల్ల వెంట్రుకలు. ఆ తల మీదికి ఈ వార్త వదలడానికి ఆమెకు చేతులు రాలేదు. నోరు అంతకంటే రాలేదు.

*

"అక్కా, వెనిస్‌లో టాక్సీ స్టాండు ఎక్కడుంటుంది?"

ఓనరు బావమరిది మంచివాడు. అదే ఆమెకు కంపరం పుట్టించేది. దుర్మార్గుడైతే తిట్టుకోవడానికైనా వీలుండేది. ఇతను టీ తెప్పించి ముందు ఆమె వైపు జరుపుతాడు, కుర్చీ తెచ్చి వేస్తాడు, ప్రశ్న అడిగి తనే నవ్వుతాడు.

"వెనిస్‌లో రోడ్లు లేవండి. టాక్సీలన్నీ పడవలే."

"అయ్యబాబోయ్! నాకు ఈత రాదక్కా."

"మిమ్మల్ని ఎవరూ ఈదమనరు. రైలు నేరుగా ఊళ్ళోకే వెళ్తుంది."

ఆమె మ్యాపు పరిచింది. మడతల దగ్గర చిరిగిన చోట్ల టేపు అతికించి ఉంది. పెన్సిలు మొన ట్యూరిన్ నుంచి బయల్దేరి మిలాన్ మీదుగా వెరోనా చేరింది, పాదువా దాటింది, సముద్రం అంచు దాకా వచ్చి ఆగింది.

అక్కడే ఉంది కిటుకు. వెనిస్ పేరుతో స్టేషన్లు రెండు. మొదటిది నేల మీదే. బస్సులూ, గోడౌన్లూ, మామూలు మేడలూ. కొత్తవాళ్ళు బోర్డు మీద ఊరి పేరు చూడగానే పెట్టెలు దించేసుకుంటారు. రైలు వెళ్ళిపోతుంది. నీళ్ళ కోసం వెతుక్కుంటూ దిక్కుతోచక నిలబడతారు. అసలు వెనిస్ ఆ తర్వాతిది. నీళ్ళ మీద పొడుగాటి రైలు వంతెన దాటాక వస్తుంది. ఆమె ప్రతి కస్టమరుకీ మొట్టమొదట చెప్పే మాట అదే.

పెన్సిలు మొన కాగితం మీద ఒక చుక్క పెట్టింది. చుక్క పెద్దదైంది.

"ఇక్కడ దిగాలా అక్కా?"

"వెనిస్ అని రాసి ఉంటుంది," అంది ఆమె, తలెత్తకుండా. "దిగేయండి."

"ఓస్, అంతేనా!" అని అతను టీ తాగాడు.

ఆమె పెన్సిలు చెక్కుకునే నెపంతో లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. టైర్ల మీద పిల్లి లేదు. ఇలాంటి పని ఆమె ఎప్పుడూ చెయ్యలేదు. కానీ అప్పటికే ఇంతకంటే పెద్ద పని చేసి కూర్చుంది.

నిన్న మధ్యాహ్నం బస్టాండు పక్కన ఆడవాళ్ళ హాస్టల్లో ఒక గది మాట్లాడుకుంది. ప్రయాణం రోజున పెట్టె పట్టుకుని, కోటు వేసుకుని, అందరికీ చెయ్యి ఊపి బయల్దేరుతుంది. నేరుగా ఆ గదికి చేరుతుంది. రావలసిన రోజున వస్తుంది. మొదటి రోజు ట్యూరిన్‌లో మంచుకొండలు చూశానంటుంది. వెరోనాలో గడియ బిగుతంటుంది. బొలోన్యాలో వాన పడిందంటుంది. ఫోటోలేవంటే ఫోను నీళ్ళల్లో పడిందంటుంది. వెనిస్ కదా, పడుతుంది. మొహం పాలిపోయిందేమంటే చలికంటుంది. కొత్తవాళ్ళని, డబ్బిచ్చే వాళ్ళని నమ్మించిన నోరు, కన్నవాళ్ళలా చూసుకునే వాళ్ళని నమ్మించలేకపోతుందా? చూడకుండానే అంత బాగా చెబుతుందని ఓనరే కదా అన్నాడు!

ఆమె జీవితంలో వేసిన ప్లాన్లన్నిటిలోకీ పకడ్బందీ ప్లాను అదే. ఎక్కడా లొసుగు లేదు. ఆ మాట తల్చుకున్నప్పుడల్లా ఏడుపొస్తోంది.

*

లొసుగు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గుమ్మంలో నిలబడి ఉంది.

"నేనూ వస్తున్నా ఎయిర్‌పోర్టుకి," అన్నాడు భర్త. షాపు తలుపు అప్పటికే మూసేశాడు. షాపు మూసి ఆయన ఎక్కడికైనా వెళ్ళడం ఆమె ఎరగదు.

"మీరెందుకండీ, పని పాడుచేసుకుని..."

"బాగుంది! నా కోటు విమానం ఎక్కుతుంటే నేను చూడద్దూ?"

దిగబెట్టడానికి ఎవరెవరు వస్తారో ముందే కనుక్కోండి అని ప్రతి కస్టమరునూ హెచ్చరించే మనిషి, తన ఇంట్లో ఒక్క మనిషిని లెక్కలోకి తీసుకోవడం మర్చిపోయింది. టాక్సీలో ఆయన పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. డ్రైవరుకు రెండుసార్లు చెప్పాడు, "మా ఆవిడ ఇటలీ వెళ్తోంది" అని. డ్రైవరు అద్దంలోంచి ఆమెను చూశాడు. ఆమె బయటికి చూసింది. ఉన్ని కోటులో ఒళ్ళంతా చెమట పట్టి కారుతోంది.

లోపలికి టికెట్టు ఉన్నవాళ్ళనే పోనిస్తారు. అదొక్కటే ఆశ. తలుపు దగ్గర ఆయన్ని వెనక్కి పంపేసి, జనంలో కలిసిపోతే చాలు.

"ఇంక మీరు వెళ్ళండి," అంది, పెట్టె అందుకుంటూ.

"నువ్వు లోపలికెళ్ళాక వెళ్తాలే."

"లైను పెద్దదుంది. కాళ్ళు నొప్పెడతాయి."

"రోజంతా మిషను తొక్కే కాళ్ళవి, వాటికేం కాదు." ఆయన ఆమె కాలరు సరిచేశాడు. "పై గుండీ తియ్యకు. అక్కడ దిగగానే చలి కొడుతుంది."

"అక్కా!"

ఆ గొంతు వినగానే ఆమె గుండె జారి చెప్పుల్లో పడింది. బావమరిది తోపుడుబండి నిండా పెట్టెలతో వస్తున్నాడు. మొహంలో రంగు లేదు. నవ్వు మాత్రం అలాగే ఉంది.

"నన్ను దిగబెట్టడానికి వచ్చారా అక్కా? పెట్టెతో సహానా! మీరు కూడా వస్తే ఎంత బాగుండేది! రాత్రి కంటి మీద కునుకు లేదు. బావగారేనా వీరు? నమస్కారమండీ. మీ ఆవిడ లేకపోతే ట్యూరిన్ తూర్పో పడమరో కూడా నాకు తెలీదు. ఈ ప్రయాణం అక్కే వెళ్ళాల్సింది, తెలుసుగా మీకు..."

ఆయన చెయ్యి ఇంకా ఆమె కాలరు మీదే ఉంది. అది కదలలేదు. ఆయన చూపు బావమరిది చేతిలో టికెట్టు మీదికి వెళ్ళింది. అక్కడి నుంచి టికెట్టు లేని ఆమె చేతుల మీదికి, పెట్టె మీదికి, మళ్ళీ ఆమె మొహం మీదికి. కొలత తీసుకునేటప్పుడు చూసే చూపే. ఒక్కసారి చూస్తే చాలు, మళ్ళీ టేపు పట్టడు.

"తెలుసండీ," అన్నాడాయన. గొంతు మామూలుగానే ఉంది. "అక్కడ చలి అని చెప్పింది మా ఆవిడ. మీకు కోటు ఇచ్చి వెళ్దామని వచ్చాం. పెట్టెలో మఫ్లరు కూడా ఉంది. భుజాలు కాస్త బిగుతవుతాయి, ఏమనుకోకండి."

ఆయన వేళ్ళు ఆమె పై గుండీ విప్పాయి. నిన్న సాయంత్రం దాకా కూర్చుని ఆయనే కుట్టిన గుండీ. రెండో గుండీ దగ్గర వేళ్ళు కొంచెం తడబడ్డాయి. ఆయన ఆమె మొహంలోకి చూడటం లేదు. ఆమె పరువు మీద కప్పడానికి ఆయన దగ్గరున్న గుడ్డ అదొక్కటే. దాన్నీ ఇచ్చేస్తున్నాడు.

ఆమె ఆయన మణికట్టు పట్టుకుంది.

"వద్దు. ఈ కోటు నాది."

బావమరిది బిత్తరపోయి చూశాడు.

"నేను వెళ్ళట్లేదండీ," అంది భర్తతో. "వారం కిందటే తెలుసు. మీకు చెప్పలేక పెట్టె సర్దుకుని వచ్చా."

చుట్టూ జనం పెట్టెలు లాక్కుంటూ పోతున్నారు. ఎవరో పిల్లాడు ఏడుస్తున్నాడు. ఆయన విప్పిన గుండీని మళ్ళీ కాజాలోకి తోశాడు. అంతే.

ఆమె బావమరిది వైపు తిరిగింది. "మీకొక మాట చెప్పాలి. వెనిస్ అని రాసుంటే దిగేయమన్నాను. దిగొద్దు. మొదటి వెనిస్‌లో దిగొద్దు. రైలు నీళ్ళు దాటుతుంది. రెండు వైపులా సముద్రమే. ఆ తర్వాత వచ్చేది అసలుది. అక్కడ దిగండి."

"మొన్న చుక్క పెట్టింది..."

"తప్పు చుక్క."

అతను ఆ మాటను మంత్రంలా రెండుసార్లు వల్లించుకుని లైన్లోకి వెళ్ళాడు. లోపలికి పోతూ వెనక్కి తిరిగి, మొదటిది కాదు, రెండోది అన్నట్టు వేళ్ళు చూపించాడు.

తిరుగు ప్రయాణం బస్సులో. పెట్టె ఇద్దరి కాళ్ళ మధ్య అటూ ఇటూ దొర్లుతోంది. చాలా స్టాపులు దాటాక ఆయన అడిగాడు.

"పెట్టె పట్టుకుని ఎక్కడికెళ్దామనుకున్నావ్?"

"బస్టాండు దగ్గర హాస్టలుంది."

"భోజనం బాగుంటుందా?"

బాగుంటుందని నోటి దాకా వచ్చింది. అలవాటు. ఆగిపోయింది.

"తెలీదు. చూడలేదు."

ఆయన నవ్వాడో, ఊపిరే వదిలాడో తెలియలేదు. కిటికీ వైపు తిరిగాడు. ఆమె అప్పుడు ఏడ్చింది, కోటు చేతి మడతలో మొహం దాచుకుని. ఉన్ని కన్నీళ్ళను పీల్చుకోదు. పైపైనే నిలబడతాయి.

వీధి మొగలో ఆయన ఆగాడు. ఎదురింటావిడ గుమ్మంలోనే ఉంది. "కాసేపు ఆగి వెళ్దామా?" అన్నాడు.

"ఎంతసేపాగినా అదే వీధి కదండీ," అని ఆమె పెట్టె లాక్కుంటూ నడిచింది.

అత్తగారు గుమ్మంలోకి వచ్చి ఇద్దరినీ, పెట్టెనూ చూసింది. ఎదురింటి వైపు చూసింది. "విమానం పాడైందటమ్మా!" అని వీధికంతా వినపడేలా అరిచి, కోడల్ని రెక్క పట్టి లోపలికి లాగి, గొంతు తగ్గించి అంది, "మొహం కడుక్కో ముందు."

*

బావమరిది ఫోను పొద్దున్నే వచ్చింది. అతను వెళ్ళి కొన్ని రోజులైంది. ఆ రోజుల్లో మ్యాపమ్మ ఆఫీసులో అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు. ఓనరు కళ్ళజోడు తుడిచీ తుడిచీ మెరిసిపోతోంది.

"రెండో వెనిస్‌లోనే దిగానక్కా!" అతని గొంతులో చిన్నపిల్లాడి సంబరం. "నీళ్ళు దాటాకే. కానీ అక్కా, స్టేషన్ నుంచి హోటలుకి చిన్న వంతెన అన్నారే! కొండ అది. మెట్లే మెట్లు. ఎక్కేవి కొన్ని, దిగేవి కొన్ని. పెట్టె మోయలేక నడుం పట్టేసింది. ఒక ముసలాయన మధ్యలో కూలబడిపోయాడు పాపం, ఇద్దరు పట్టి దించారు."

ఆమె ఫోను పెట్టేసి చాలాసేపు టైర్ల వైపు చూసింది. అవలీలగా దాటేశాను అంది తను. నాకది చాలు అంది పెద్ద టీచర్.

"పెద్ద టీచరు గ్రూపు ఇవాళ ఖాయమైపోవాలి," ఓనరు ఆమె టేబులు దగ్గరికి వచ్చాడు. "స్పీకర్లో పెట్టి మాట్లాడు. నేనూ వింటా."

"సార్, ఆ వంతెన పెద్దదంట. ఇప్పుడే మీ బావమరిది..."

"నాకూ చెప్పాడు. వెళ్ళాక ఎలాగో ఎక్కుతారు. ముందు ఖాయం చేయించు. చిన్నదే అను."

ఆయనే నంబరు నొక్కాడు. పెద్ద టీచర్ గొంతు గదంతా నిండింది.

"ఆఁ, చెప్పమ్మా! అందరం సిద్ధం. ఒక్కత్తే సణుగుతోంది, వంతెన వంతెన అని. మా మ్యాపమ్మ నడిచి చూసిందే అని నోరు మూయించా. అంతేగా?"

ఓనరు తల ఊపుతున్నాడు, అంతే అను అన్నట్టు. ఆమె చెయ్యి తనకు తెలియకుండానే కోటు గుండీ దగ్గరికి వెళ్ళింది. ఎండలో కూడా ఆ కోటు వేసుకునే ఆఫీసుకు వస్తోంది. ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

"నేను చూడలేదండీ."

ఓనరు తల ఊపడం సగంలో ఆగిపోయింది.

"ఏమన్నావ్?"

"వెనిస్ చూడలేదు. వెరోనా చూడలేదు. ఏదీ చూడలేదు. వంతెన చిన్నదన్నది నా నోటికొచ్చిన మాట. అది పెద్దదటండీ, నిండా మెట్లట. మీ మోకాలితో ఎక్కలేరు."

స్పీకర్లో గాలి హోరు తప్ప ఏమీ లేదు. ఓనరు చెయ్యి ఫోను కట్ చెయ్యడానికి ముందుకొచ్చింది. ఆమె ఫోనును తన వైపు జరుపుకుంది.

"కిటికీ గడియ?" అంది పెద్ద టీచర్.

"అదీ కల్పించిందేనండీ."

"రెండు చేతులతో లాగాలన్నావు."

"అన్నానండీ."

ఆవిడ గొంతు తగ్గించి అంది, "మందారానికి నాలుగు రేకులని రాసిన పిల్లని నేనేం చేసేదాన్నో తెలుసా?"

"కొట్టేవారా?"

"తోటలోకి పంపేదాన్ని. చూసి రమ్మని." కుర్చీ కిర్రుమంది. "మీ సారు పక్కనే ఉన్నట్టున్నారు, ఊపిరి వినిపిస్తోంది. సారూ! ఈ అమ్మాయి వెళ్ళి నా మోకాలి కళ్ళతో ఆ దారంతా చూసి రావాలి. మెట్లు లేని దారి ఉంటే వెతకాలి. వచ్చి చెప్పాకే మేము కదిలేది. లేకపోతే ఊళ్ళో ఆఫీసులు చాలా ఉన్నాయి."

"మేడమ్, మా కుర్రాడు అక్కడే ఉన్నాడు, ఇప్పుడే కనుక్కుని..."

"నాకు నిజం చెప్పింది ఆ కుర్రాడు కాదు సారూ. ఈ అమ్మాయి చెప్పింది," అని ఆవిడ పెట్టేసింది.

ఓనరు కళ్ళజోడు తీశాడు. టై కోసం తడుముకున్నాడు. ఇవాళ టై కట్టుకోలేదు. ఉత్త చేతులతో కాసేపు ఆ కళ్ళజోడును పట్టుకుని నిలబడ్డాడు.

"నా వీసా నెలాఖరు దాకా ఉంది సార్," అంది ఆమె మెల్లగా.

ఆయన అద్దాల గదిలోకి వెళ్ళాడు. తలుపు మూసేముందు, అటు తిరిగే అన్నాడు, "సీటొకటి పట్టి ఉంచు."

"ఎవరి పేరున సార్?"

తలుపు మూసుకుంది. ఆమె తన అసలు పేరు, జీతం రోజున తప్ప ఎవరికీ గుర్తురాని పేరు, ఒక్కో అక్షరమే కొట్టింది. ఆఖరి అక్షరం దగ్గర ఉండగా ఫోను మోగింది. ఎవరో కొత్త దంపతులు. వెరోనాలో నది కనిపించే గది ఉందట కదా, ఎలా ఉంటుందని అడిగారు.

మ్యాపమ్మ టైర్ల వైపు చూసింది. పిల్లి తిరిగొచ్చి పడుకుంది.

"నేనింకా చూడలేదండీ," అంది.